కంప్యూటర్ మాది, అప్‌డేట్ ఎప్పుడో చెప్పే హక్కూ మాకుండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పత్రికల్లో టెక్నాలజీ పేజీ తిరగేస్తే చాలు, అప్‌డేట్ రాగానే వేసేసుకోండి, అస్సలు వాయిదా వేయకండి అనే సలహా కనిపిస్తుంది. ఆ సలహా తప్పని నేననడం లేదు. కానీ అది సగం సంగతే. మిగతా సగం ఎవరూ రాయడం లేదు కాబట్టి, పొద్దస్తమానం కంప్యూటర్ ముందే పనిచేసుకునే మనిషిగా, తెలిసినవాళ్లలో ఎవరి సిస్టమ్ మొరాయించినా ముందు ఫోన్ వచ్చే మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైనా వేస్తారని ఆశ.

నేను చెప్పేది ఒక్కటే. భద్రత కోసం వచ్చే ప్యాచ్‌లు, అంటే లోపాలను పూడ్చే సవరణలు వేరు, కొత్త హంగులు వేరు, మొత్తంగా వెర్షన్ మార్చడం వేరు. ఈ మూడింటినీ ఒకే పేరుతో, దాదాపు ఒకే బటన్ కింద మన ముందు పెడుతున్నారు. ఇప్పుడు చేయాలా, తర్వాత చేయాలా అని అడుగుతారు తప్ప అసలు వద్దు అనే వీలు ఇవ్వరు. ఇంటికి తాళం బాగుచేయడానికి వచ్చిన మనిషి తాళం బాగుచేసి ఊరుకోకుండా, మనం లేని సమయంలో బీరువా జరిపి, వంటింట్లో డబ్బాలన్నీ మార్చి సర్ది, గోడకు తన షాపు బోర్డు తగిలించి వెళ్తే మనం ఒప్పుకుంటామా? తాళం మాత్రం బాగుచేయించుకోవాల్సిందే, అందులో వాదన లేదు. బీరువా ఎక్కడుండాలో చెప్పాల్సింది ఆ ఇంట్లో ఉండేవాళ్లు.

ఈ మధ్య మా అన్నయ్య కూతురికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్ ఆపబోతే పవర్ మెనూలో అప్‌డేట్ చేసి షట్‌డౌన్, అప్‌డేట్ చేసి రీస్టార్ట్ అనే మాటలు కనిపించాయట. నిద్రమత్తులో మొదటిది నొక్కి మూత పెట్టేసింది. పొద్దున ఇంటర్వ్యూకి ముందు తెరిస్తే నల్లటి స్క్రీన్, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, కింద అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్ ఆపకండి అని ఉంది. శాతం ముప్పై దగ్గర ఆగిపోయి ఎంతకీ కదల్లేదు. కదిలి వందకు చేరిందని ఊపిరి పీల్చుకునేలోపు రీస్టార్ట్ అయి మళ్లీ సున్నా నుంచి మొదలైంది. "బాబాయ్, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయనా?" అని ఏడుపు గొంతుతో ఫోన్. వద్దమ్మా, మధ్యలో ఆపితే అసలుకే మోసం రావచ్చు, ఇంటర్వ్యూలో ఫోన్ నుంచే చేరిపో అన్నాను. చేరింది, కానీ చూపించాల్సిన ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లో ఉండిపోయాయి. ఆ తర్వాతైనా డెస్క్‌టాప్ వచ్చిందా అంటే అదీ లేదు. మీ కంప్యూటర్ సెటప్ పూర్తి చేద్దాం అంటూ ఒక నీలం పేజీ, ఫైళ్లు క్లౌడ్‌లో పెట్టుకోమని ఇంకొకటి, బ్రౌజర్ మార్చుకోమని మరొకటి. అవన్నీ దాటితే గానీ తన ఫైలు తనకు దొరకలేదు. వీటిలో ఏ ఒక్కటీ భద్రతకు సంబంధించినది కాదు. ఆ పిల్ల పడ్డ టెన్షన్ ఎవరి లెక్కలోకి వస్తుంది?

ఇదేదో ఒకరిద్దరి గోడు అని కొట్టిపారేయడానికి లేదు, దీనికి పెద్ద చరిత్రే ఉంది. 2015 జులై 29న విండోస్ 10 విడుదలైనప్పుడు, విండోస్ 7, 8.1 వాడేవాళ్లకు ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఉచితం అంటే సంతోషమే. కానీ ఆ ప్రకటన చూపించే చిన్న ప్రోగ్రామ్‌ను మామూలు అప్‌డేట్లతో పాటే పంపించారు, కేబీ3035583 అనే నంబర్‌తో. అడగనివాళ్ల కంప్యూటర్లలోకి కూడా కొన్ని జీబీల ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు ముందుగానే దిగిపోయాయి. ఆ సంగతి 2015 సెప్టెంబర్‌లో కంపెనీయే ఒప్పుకుంది. నెట్ డేటా లెక్కపెట్టుకుని వాడేవాళ్లకు అది ఎంత భారమో చెప్పక్కర్లేదు. 2016 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక టీవీ చానెల్ లైవ్‌లో వాతావరణ వార్తలు చెబుతుండగా మ్యాప్ మీద ఈ అప్‌గ్రేడ్ పాపప్ వచ్చి కూర్చుంది, చూసేవాళ్లందరికీ కనిపించింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ తర్వాత జరిగిన పని. 2016లో ఆ పాపప్ పద్ధతి మార్చారు. అంతకుముందు పైన కుడిమూల ఇంటూ గుర్తు నొక్కితే వద్దని అర్థం, కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచి అందరికీ అలవాటైన సంగతి అది. మార్చాక ఇంటూ నొక్కితే కిటికీ మూసుకునేది గానీ, అప్‌గ్రేడ్‌కు పెట్టిన ముహూర్తం మాత్రం అలాగే ఉండేది. కాదనడానికి నొక్కినవాళ్లని అవునన్నట్టు లెక్కేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ పెద్ద క్రిస్ కపోసెలా ఒక ఇంటర్వ్యూలో, హద్దు దాటామని తమకు గంటల్లోనే తెలిసిందని, సరిచేయడానికి మాత్రం రెండు వారాలు పట్టిందని ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే. కానీ నమ్మకం అనేది ఒకసారి పోయాక అంత తొందరగా రాదు. ఇవాళ చాలామంది అప్‌డేట్ అన్న మాట వింటేనే భయపడి మొత్తం ఆపేస్తున్నారంటే దానికి మూలం ఇలాంటి చోట్లే ఉంది.

2018 అక్టోబర్ మొదట్లో వచ్చిన పెద్ద అప్‌డేట్ సంగతి మరీ ఘోరం. 1809 అనే వెర్షన్ అది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మార్చుకున్న కొంతమందికి, పాత చోట మిగిలిన ఫైళ్లు ఆ అప్‌డేట్‌తో చెరిగిపోయాయి. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ విడుదల చేశారు. బాధితుల శాతం చాలా తక్కువన్నారు, నిజమే కావచ్చు, కానీ పోయింది ఎవరి పిల్లల ఫోటోలో, ఎవరి థీసిస్సో అయితే వాళ్లకు ఆ శాతంతో పనేముంది? పైగా విడుదలకు ముందే, ఉత్సాహంగా పరీక్షించి చూసే వాడుకదారులు కొందరు ఫైళ్లు పోతున్నాయని కంపెనీకి రాశారు. మిగతా ఫిర్యాదుల గుట్టలో ఆ మాట పైకి రాలేదు.

అలాగని అప్‌డేట్లు పూర్తిగా బంద్ పెట్టేయమని చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు, దయచేసి ఈ భాగం కత్తిరించకండి. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఎంఎస్17-010 అనే ప్యాచ్ ఇచ్చింది. దాదాపు రెండు నెలల తర్వాత, మే 12న, సరిగ్గా ఆ ప్యాచ్ మూసిన కన్నం గుండానే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ వచ్చింది. 150కి పైగా దేశాల్లో లక్షల కంప్యూటర్లకు తాళం పడింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు వేలల్లో రద్దు చేయాల్సి వచ్చింది. దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 కంప్యూటర్లు, అంటే ప్యాచ్ అందుబాటులో ఉండి కూడా వేయనివి. ప్యాచ్ వేసినవాళ్లు ఆ కన్నం నుంచి బయటపడ్డారు, అంతే తేడా. అందుకే నెలనెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్‌ను నేను ఎప్పుడూ వదలను. 2003 నుంచి నడుస్తున్న పద్ధతి అది, దాన్ని ప్యాచ్ ట్యూజ్‌డే అంటారు. వచ్చిన రోజే వేయను, కొన్ని రోజులు చూస్తాను, ఎక్కడా పెద్ద గోల వినపడకపోతే నాకు వీలైన సాయంత్రం నేనే రీస్టార్ట్ చేస్తాను.

ఇక్కడే మళ్లీ అసలు గొడవ. విండోస్ 7 రోజుల్లో ఒక్కో అప్‌డేట్ పక్కన ఒక్కో గడి ఉండేది, కావాల్సినవి టిక్ పెట్టుకుని, అక్కర్లేనివి దాచేసేవాళ్లం. విండోస్ 10తో ఆ పద్ధతి పోయింది, అంతా ఒకే మూట. నెలాఖరు వారాల్లో ప్రివ్యూ అని వచ్చేదాంట్లో హంగులు ముందు పెడతారు. అది మనం వేసుకోకపోయినా తర్వాతి నెల సెక్యూరిటీ మూటలో కలిసి వచ్చేస్తుంది. అంటే నెల రోజులు వాయిదా వేయగలం గానీ తప్పించుకోలేం. విండోస్ 10 హోమ్ ఎడిషన్ వాడేవాళ్లకైతే 2019 మేలో 1903 వెర్షన్ వచ్చేదాకా పాజ్ చేసుకునే అవకాశమే లేదు.

వేరు చేయడం సాధ్యం కాదు, భద్రత కావాలంటే అన్నీ కలిపే తీసుకోవాలి అని కొందరు ఇంజినీర్లు వాదిస్తారు. అన్ని కాంబినేషన్లూ పరీక్షించడం కష్టమనీ, అందరూ ఒకే వెర్షన్ మీద ఉంటే లోపాలు దొరకడం తేలికనీ వాళ్ల మాట. అందులో నిజం ఉంది. కానీ మైక్రోసాఫ్టే పెద్ద సంస్థల కోసం ఎల్‌టీఎస్‌సీ అనే ఎడిషన్ ఇస్తుంది. ఏటీఎంలు, ఆసుపత్రి యంత్రాలు నడిపే కంప్యూటర్ల లాంటి వాటికోసం అన్నమాట. దాంట్లో ఏళ్ల తరబడి సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, కొత్త హంగులు రావు. 2016 అక్టోబర్‌లో విండోస్ 7కి నెలవారీ మూట మొదలుపెట్టినప్పుడు కూడా, సంస్థలకు భద్రత మాత్రమే ఉండే మూట విడిగా ఇచ్చారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిశాక పెట్టిన పొడిగింపు పథకంలోనూ సెక్యూరిటీ అప్‌డేట్లే ఇస్తున్నారు, కొత్త ఫీచర్లు లేవు. కాబట్టి చేతకాక కాదు. ఆ పొడిగింపు పథకం తప్ప, సంస్థలకు ఇచ్చినదాన్ని ఇంట్లో వాడుకునే మామూలు మనిషికి ఇవ్వడం లేదు, అంతే. ఇదే నాకు మింగుడుపడని విషయం.

మిగతా చోట్ల పరిస్థితి కొంత నయం. మ్యాక్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ల దగ్గర భద్రతకు సంబంధించిన స్విచ్, మొత్తం సిస్టమ్ అప్‌డేట్ స్విచ్ విడివిడిగా ఉంటాయి, అయినా కొత్త వెర్షన్ వేసుకోమని నోటిఫికేషన్లు విసిగిస్తాయనుకోండి. ఉచితంగా దొరికే లైనక్స్ సిస్టమ్‌లలో డెబియన్ అనేదాని వాళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లను వేరే రిపాజిటరీ, అంటే వేరే డౌన్‌లోడ్ నిల్వ నుంచే ఇస్తారు. ఉబుంటూ అనే ఇంకో లైనక్స్‌లో ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాలపు వెర్షన్‌కు ఐదేళ్లు మద్దతు ఉంటుంది, వెర్షన్ మార్చుకోవడం మన ఇష్టం.

విండోస్ తీరు మారేదాకా మన చేతిలో ఉన్నదేమిటో చెప్పాలి కదా. విండోస్ సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే పాజ్ ఉంటుంది, ఐదు వారాల వరకు పెట్టుకోవచ్చు. పరీక్షలు, ఆఫీసులో డెడ్‌లైన్, ప్రయాణం లాంటివి ఉంటే వారం ముందే పెట్టేయండి. చాలా వెర్షన్లలో గడువు అయిపోయాక ఉన్న అప్‌డేట్లు వేసుకుంటేనే మళ్లీ పాజ్ ఇస్తుంది, అది గుర్తుంచుకోవాలి. అదే పేజీలో కొత్త అప్‌డేట్లు అందరికంటే ముందు నాకు ఇవ్వు అన్న అర్థంలో ఒక స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి, తెలియక ఆన్ చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. యాక్టివ్ అవర్స్ అని పనివేళలు చెప్పుకునే చోటు కూడా ఉంది, రోజులో 18 గంటల వరకు పెట్టుకోవచ్చు, ఆ సమయంలో దానంతటది రీస్టార్ట్ కాదు. మొబైల్ డేటా మీద నడిచే ల్యాప్‌టాప్ అయితే ఆ నెట్‌వర్క్‌ను మీటర్డ్ కనెక్షన్ అని గుర్తు పెడితే పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి.

అప్‌డేట్ పడ్డాక ఏదైనా తేడా చేస్తే, అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి ఇటీవలి దాన్ని తీసేయవచ్చు. మొత్తం వెర్షనే మారిపోతే రికవరీలో వెనక్కి వెళ్లే అవకాశం మామూలుగా 10 రోజులే ఉంటుంది, ఆ తర్వాత పాత వెర్షన్ ఫైళ్లను సిస్టమ్ తుడిచేస్తుంది, కాబట్టి చూద్దాంలే అని నాన్చకూడదు. వెర్షన్ మార్పుకు ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి ఆ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. ఇది మాత్రం ఎంత చెప్పినా తక్కువే.

ఒక పని మాత్రం చేయొద్దని బతిమాలుతున్నాను. నెట్‌లో దొరికే అప్‌డేట్ బ్లాకర్ ప్రోగ్రామ్‌లు తెచ్చి పెట్టుకోవద్దు. సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ సర్వీస్‌ను డిసేబుల్ చేస్తే, దాన్ని మళ్లీ లేపడానికే మెడిక్ సర్వీస్ అని ఇంకొకటి ఉంటుంది. దాన్నీ చంపడానికి విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో చేతులు పెట్టి సిస్టమ్ పాడుచేసుకున్నవాళ్లున్నారు. అంతకంటే ప్రమాదం, అంతా బాగానే ఆగిందనుకుని ఏళ్ల తరబడి ఒక్క ప్యాచ్ కూడా లేకుండా అదే కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం.

ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే ప్రోగ్రామ్‌లు, అంటే డ్రైవర్ల సంగతి కూడా ఒక మాట. నేను పేజీలు కూర్చే పని చేస్తాను, మార్జిన్ ఒక్క మిల్లీమీటర్ కదిలినా పని పాడే. ఒక అప్‌డేట్ తర్వాత మా ప్రింటర్‌కు ఉన్న డ్రైవర్ స్థానంలో మామూలు డ్రైవర్ వచ్చి కూర్చుంది. ప్రింట్ వస్తుంది, కానీ ప్రతి పేజీ కొంచెం కుంచించుకుని పక్కకు జరిగి వస్తుంది. తప్పు ఫైల్‌లో ఉందేమోనని వెతుక్కుంటూ సాయంత్రమంతా పోయింది. ఏం మారిందో ఎక్కడా ఒక్క ముక్క చెప్పలేదు, అదే నా బాధ. మార్చావు సరే, ఫలానాది మార్చానని స్క్రీన్ మీద మామూలు భాషలో ఒక వాక్యం రాస్తే నాకు ఆ సాయంత్రం మిగిలేది.

భద్రత అప్‌డేట్లైనా సరే, అందరికీ ఒకేసారి తోసేస్తే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. అది మైక్రోసాఫ్ట్ పంపినది కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఫైలు. దాంతో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారమే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్ దగ్గర ఆగిపోయాయి. విమానాలు నిలిచాయి, ఆసుపత్రుల్లో పనులు ఆగాయి. చాలా చోట్ల టెక్నీషియన్లు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి సేఫ్ మోడ్‌లో ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది. రెండు రోజులు ఆగి చూసి వేసుకుంటానన్న మనిషిని అజ్ఞాని అని తీసిపారేయకూడదని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను.

కంపెనీలను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. సెక్యూరిటీ అప్‌డేట్ విడిగా రావాలి, అది మన పని మధ్యలో కాకుండా మనం చెప్పిన గంటకు పడాలి. కొత్త హంగులకు, వెర్షన్ మార్పుకు వద్దు అనే బటన్ ఉండాలి. ఒకసారి వద్దంటే దాన్ని గౌరవించాలి, మూడు రోజులకోసారి మళ్లీ మళ్లీ అడిగి విసిగించి ఒప్పించకూడదు. నేను మార్చుకున్న సెట్టింగ్స్‌ను అప్‌డేట్ ముట్టుకోకూడదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలనడం లాంటి షరతులు పెట్టడంతో బాగా నడుస్తున్న కంప్యూటర్లు కూడా అర్హత కోల్పోయాయి. కావాలన్నవాళ్లకు దొరకక, వద్దన్నవాళ్ల మీద రుద్దుతూ ఉంటే ఇక కొనుక్కున్న మనిషి మాటకు విలువెక్కడుంది?

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. అప్‌డేట్ వేసుకోండి అని రాసే ప్రతిసారీ అది సెక్యూరిటీ ప్యాచా, ప్రివ్యూనా, వెర్షన్ మార్పా అన్నది దయచేసి రాయండి. వీలైతే ప్రతి నెలా రెండో మంగళవారం దాటిన నాలుగైదు రోజులకు ఒక చిన్న బాక్స్ వేయండి. ఈ నెల ఏ నంబర్ అప్‌డేట్ వచ్చింది, ఎక్కడైనా ప్రింటరో వైఫైయో ఆగిపోయిన ఫిర్యాదులున్నాయా, కంపెనీ ఒప్పుకున్న లోపాలేమిటి, తీసేయాలంటే ఎలా, అంతే చాలు. మైక్రోసాఫ్ట్ తెలిసిన లోపాల జాబితాను విండోస్ రిలీజ్ హెల్త్ అనే పేజీలో తనే పెడుతుంది. దాన్ని చదివి తెలుగులో పది వాక్యాల్లో చెప్పగలిగినవాళ్లు మీ డెస్క్‌లో తప్పకుండా ఉంటారు. ఆ పేజీ ఒకటుందనే తెలియని మా అన్నయ్య కూతురులాంటి వాళ్లకు అది ఎంతో ఉపయోగపడుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు